నూకరత్నం గారి మాట

ఇరవై ఏళ్ళు దాటింది దీన్ని మోయడం మొదలుపెట్టి. నా భర్తకు చెప్పలేదు. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి, చిన్నా పెద్దా తప్పులన్నీ దేవుడి ముందు ఒప్పుకుంటూ, ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయేదాన్ని. నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరి కాపురమూ కూల్చలేదు. ఒకావిడ నమ్మి నా చేతిలో పెట్టిన మాటని చేరవలసిన చోటికి చేర్చలేదు. వినడానికి ఇంతే. ఇంతేనా?

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. జర్మనీలో ఒక చిన్న ఊరికీ మా ఊరికీ సోదర నగరాల ఒప్పందం కుదిరింది. ఎప్పుడో అక్కడినుంచి వచ్చి మా చర్చిలో పనిచేసి వెళ్ళిన ఒక కుటుంబం మధ్యలో ఉండి కలిపింది. వాళ్ళ ఊళ్ళో బీట్ దుంపలనుంచి పంచదార తీస్తారు. మాకు చెరుకు, బెల్లం, పక్కనే తుమ్మపాలలో పంచదార ఫ్యాక్టరీ. అక్కడికి వెళ్ళే బృందానికి తెలుగు మాటల్ని ఇంగ్లీషులో చెప్పే మనిషి కావలసి వచ్చింది. పాస్టరు గారు నా పేరు చెప్పారు.

బృందానికి పెద్ద మా మున్సిపల్ ఛైర్‌పర్సన్ నూకరత్నం గారు. ఆడవాళ్ళకి రిజర్వయిన సీటు కాబట్టి ఆవిడని నిలబెట్టారు. సంతకాలు పెట్టి ఊరుకుంటుందనుకున్నారు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు, బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి. చదువు ఐదో తరగతి. పేపరు మాత్రం రోజూ కూడబలుక్కుని చివరిదాకా చదివేవారు. నన్ను పంతులమ్మా అని పిలిచేవారు.

ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ముందే చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు సరిగ్గా అర్థం కాదు. విమానంలో నాకు చలి జ్వరం వచ్చింది. ఆవిడ తన శాలువా తీసి నాకు కప్పి, తను కొంగు చుట్టుకుని కూర్చున్నారు. నా అరికాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతుంటే పక్క సీట్ల దొరలు వింతగా చూశారు. నాకు సిగ్గేసింది. కాళ్ళు లాక్కోబోయాను. “ఊరుకో పంతులమ్మా, అక్కడ నాకు నోరు నువ్వే. నువ్వు పడుకుండిపోతే నేను మూగదాన్నే కదా,” అన్నారు నవ్వుతూ.

అక్కడ మమ్మల్ని చూసుకోవడానికి హెల్గా అనే పెద్దావిడని పెట్టారు. ఆ ఊరి కౌన్సిల్ సభ్యురాలు, ఒకప్పటి ఇంగ్లీషు టీచరు. నూకరత్నం గారు తెలుగులో అన్నది నేను ఇంగ్లీషులో చెప్పాలి, దాన్ని హెల్గా జర్మన్‌లో చెప్పాలి. ఆ ఇద్దరికీ నా అవసరం చాలాసార్లు ఉండేదే కాదు. చేతులు పట్టుకుని వీధులు తిరిగేవారు. నూకరత్నం గారు ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇచ్చి, ఎద్దుల బండి చక్రం ఎలా తిరుగుతుందో చూపిస్తే హెల్గా చిన్నపిల్లలా నేలమీద కూర్చుని ఆడింది. ఎల్గమ్మ అని పేరు పెట్టేశారు హెల్గాకి.

చివరి రోజు టౌన్ హాల్లో సభ. మేయరు గారు లేచి, స్నేహానికి గుర్తుగా మా ఊళ్ళో ఒక పార్కు కట్టిస్తామని ప్రకటించారు. తరవాత మా వంతు. ఉపన్యాసం నేనే రాశాను. రెండు భాషల్లోనూ. మంచి గ్రాంథికపు మాటలు ఏరుకుని, రాత్రింబవళ్ళు కూర్చుని రాశాను. నూకరత్నం గారు ఆ కాగితం మడిచి బల్లమీద పెట్టేశారు. సొంతంగా మాట్లాడడం మొదలుపెట్టారు.

“పార్కు కడతామన్నారు. సంతోసం. కానీ నాకు పార్కొద్దు. మా బెల్లం మార్కెట్లో ఆడోళ్ళు తెల్లారకుండా వత్తారు. పొద్దోయేదాకా బయటికెళ్ళడానికి చోటు నేదు. అందుకని నీళ్ళు తాగరు. నేనూ తాగీదాన్ని కాదు. మా వదిన ఎంకాయమ్మకి అలాగే రోగమొచ్చింది. నిన్న మీ సంతలో ఆడోళ్ళకి గది సూసేను, కుళాయి సూసేను. అలాటిది మాకొకటి కట్టించండి. మీ పేరు సెప్పుకుని మా ఆడోళ్ళు నీళ్ళు తాగుతారు.”

ఆవిడ ఆగి నావైపు చూశారు.

ఎదురుగా తెల్లటి బల్లగుడ్డలు, పూలు, గాజు గ్లాసులు, కోట్లు వేసుకున్న మనుషులు. ఆ క్షణంలో నా బుర్రలో ఏముంది? చాలాసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ఇంతమంది పెద్దమనుషుల ముందు మరుగుదొడ్ల మాట ఎలా అనడం, మన ఊరి పరువేం కావాలి అన్న సిగ్గు ఉంది. నేను రాసింది చదవలేదన్న ఉక్రోషం కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇంకా అడుగున మరొకటి ఉంది. చిన్నప్పుడు నేను ‘ఏటి’ అంటే మా నాన్న ‘ఏమిటి’ అనిపించి గానీ అన్నం తిననిచ్చేవారు కాదు. ఆ యాసలోంచి వచ్చిన మాట నా నోటికి చిన్నదనిపించింది. మర్యాద నేర్చిన దాన్ని కదా నేను.

మా ఆడవాళ్ళు పొద్దుటినుంచి కష్టపడతారు, సాయంత్రం మీ పేరుమీద కట్టిన పార్కులో కూర్చుని సేదతీరుతారు, మీకు మా కృతజ్ఞతలు. ఇలా చెప్పాను ఇంగ్లీషులో. చక్కగా చెప్పాను. హెల్గా దాన్ని జర్మన్‌లో చెప్పింది. హాలంతా చప్పట్లు.

నూకరత్నం గారు ఆ చప్పట్లు తన మాటకే అనుకున్నారు. రెండు చేతులూ జోడించారు. కళ్ళు తుడుచుకున్నారు. కిందికి దిగాక నా భుజం పట్టుకుని, అంతా సెప్పేవా అని అడిగారు.

చెప్పానమ్మా, అన్నాను.

ఊరికి తిరిగివచ్చాక ఆవిడ నేరుగా బెల్లం మార్కెట్‌కి వెళ్ళి ఆడవాళ్ళందరికీ మాటిచ్చారు. వెంకాయమ్మకి మరీ మరీ చెప్పారు. మరుసటి ఏడాది జర్మనీ వాళ్ళు కట్టించినది పార్కే. గులాబీ మొక్కలు, రాతి బెంచీలు, రెండు ఊళ్ళ పేర్లున్న బోర్డు. తన మాట విని కూడా వాళ్ళు కాదన్నారనుకున్నారు ఆవిడ. పార్కు తెరవడానికి వాళ్ళ బృందం వచ్చింది. హెల్గా కూడా వచ్చింది.

మర్నాడు హెల్గా బెల్లం మార్కెట్ చూస్తానంది. ముగ్గురం వెళ్ళాం. ఎండ మండిపోతోంది. ఆవిడ కొబ్బరినీళ్ళు తాగింది, దిమ్మలు చూసింది, మోసే ఆడవాళ్ళతో ఫోటోలు దిగింది. కాసేపటికి నా చెవిలో, బాత్‌రూమ్ ఎక్కడ అని అడిగింది. లేదు. ఆటో ఎక్కి నూకరత్నం గారి ఇంటికి వెళ్ళి మళ్ళీ రావలసి వచ్చింది. ఆటో దిగి మార్కెట్ గేటు దగ్గర నిలబడి హెల్గా ఆ ఆడవాళ్ళనే చూస్తోంది.

“మరి వీళ్ళు ఎక్కడికి వెళ్తారు?” అని ఇంగ్లీషులో నన్నడిగింది. “మాకెవరూ చెప్పలేదే. ముందే తెలిస్తే పార్కు ఎందుకు కడతాం?”

అదే సమయంలో నూకరత్నం గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. “సూసేవా ఎల్గమ్మా. ఆవేళ నేనడిగింది ఇదే కదా. ఎందుకు కట్టనేదు?” అన్నారు. తరవాత నావైపు తిరిగి, “ఏటంతంది?” అన్నారు.

ఇద్దరూ ఒకే మాట అడుగుతున్నారు. మధ్యలో నేనున్నాను. ఒక్క వాక్యం చాలు. అటు చెప్పినా చాలు, ఇటు చెప్పినా చాలు. చెప్తే నా అబద్ధం బయటపడుతుంది. అంతకన్నా పోయేదేమీ లేదు.

“ఎండ ఎక్కువగా ఉందంటున్నారమ్మా,” అన్నాను.

హెల్గా కూడా నావైపే చూస్తోంది, ఆవిడేమన్నారని. మీకు ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు అని చెప్పాను. బాగానే ఉందని హెల్గా నవ్వింది. ఆ నవ్వు చూసి నూకరత్నం గారు పట్టుకున్న చేతిని మెల్లగా వదిలేశారు.

మొదటిసారి చేసినది భయంతో, సిగ్గుతో జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి దానికి ఏం పేరు పెట్టాలి?

ఆ తరవాత ఆవిడ ఏ సభలోనూ సొంతంగా మాట్లాడలేదు. రాసిచ్చింది చదివేవారు. పదవీకాలం అయిపోయింది. మళ్ళీ ఎవరూ నిలబెట్టలేదు. రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. హెల్గానుంచి కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చి, అవీ ఆగాయి. మార్కెట్లో ఆడవాళ్ళ గదులు ఎప్పటికో కట్టారు. అప్పటికి వెంకాయమ్మ లేదు. ఆ గదులు లేకపోవడం వల్లే పోయిందని నేను అనను. కాదని మాత్రం ఎలా అనగలను?

నేను ఆవిడ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు. నా పిల్లల పురుళ్ళకి బాలింతలకి పెట్టే కాయం చేసి పంపింది ఆవిడే. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో వంట చేసింది ఆవిడే. వెళ్ళిన ప్రతిసారీ కడుపునిండా పెట్టి, ఎల్గమ్మ ఎలాగుందో అని అడిగేవారు. కోపం లేకుండా అడిగేవారు. పెట్టినదంతా తినేదాన్ని. ఆ ప్రేమ పోతుందన్న భయంతోనే ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేమో. అంటే ఆవిడ ప్రేమ కోసం ఆవిడకే అన్యాయం చేశానన్నమాట.

పోయిన నెల వెళ్ళాను. ఆవిడ మనవరాలు డిగ్రీ చదువుతోంది. కాలేజీకి కలెక్టర్ వస్తున్నారట, విద్యార్థుల తరఫున ఈ పిల్ల మాట్లాడాలి. హాస్టల్లో నీళ్ళు రావడం లేదని చెప్పనా, మేష్టార్లు రాసిచ్చింది చదవనా అని నాయనమ్మని అడుగుతోంది.

“రాసిందే సదువు,” అన్నారు నూకరత్నం గారు. “పెద్దోళ్ళ ముందు మన మాటలు సెల్లవే. నేనోసారి సెప్పి సూసేను.”

నా చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టాను. అమ్మా, ఆవేళ మీరన్నది నేను చెప్పలేదు, అన్నాను. టౌన్ హాల్లో చెప్పలేదు, మార్కెట్ దగ్గర కూడా చెప్పలేదు, వాళ్ళకి మీ మాట తెలియనే తెలియదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను, యాస సంగతితో సహా. ఏదీ దాచలేదు.

ఆవిడ నావైపు తిరిగారు.

“అయితే ఎల్గమ్మ నన్ను కాదననేదా?”

“లేదమ్మా. తెలిస్తే కట్టేవాళ్ళమంది.”

ఆవిడ తల తిప్పుకుని వాకిట్లోకి చూస్తూ కూర్చున్నారు. మనవరాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“పంతులమ్మకి ఆటో పిలవే,” అన్నారు మనవరాలితో, నావైపు చూడకుండా.

ఎప్పుడూ గుమ్మందాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొత్తావని అడిగేవారు. ఆ రోజు లేవలేదు. నేను క్షమించమని అడగలేదు. ఆ తరవాత ఫోను చేస్తే మనవరాలు ఎత్తి, నాయనమ్మ పడుకున్నారు అంటోంది. ఆ పిల్ల కలెక్టర్ ముందు ఏం మాట్లాడిందో అడగాలని ఉంది. ఇంకా అడగలేదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా ఒళ్ళు తేలికయింది. గాలి సరిగ్గా ఆడింది. మనసారా ప్రేమించిన మనిషిని అలా కూర్చోబెట్టి వచ్చి, నాకు హాయిగా ఎలా ఉంది? నాకు తెలియదు. ఇన్నేళ్ళు నాది అనుకున్న బాధ అసలు ఆవిడది. ఆవిడదేదో ఆవిడకి ఇచ్చేసి వచ్చాను. ఆవిడ దాన్ని ఏం చేసుకుంటారో ఆవిడ ఇష్టం. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనిస్తారో లేదో కూడా ఆవిడ ఇష్టమే. ఎక్కనివ్వకపోయినా సరే, చెప్పకుండా ఆ చేతి అన్నం తిన్న రోజుల్లోకి మాత్రం నేను తిరిగి వెళ్ళలేను.