రెండు పొయ్యిలు, ఒక కంప్యూటర్

1997 ఎండాకాలం. నల్లగొండ బస్టాండు వెనక ఖాసిం భాయ్ పెండ్లి కార్డుల దుకాణం. సీసం అచ్చులు అమ్మేసి ఆయన ఒక కంప్యూటర్ కొన్నాడు. అది అలిగినప్పుడల్లా బుజ్జగించడం నా పని. ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాం. ఆ తర్వాత రేడియోలు, టీవీలు విప్పుతూ కంప్యూటర్ల దగ్గర తేలాను. విప్పినవాటిలో చాలావరకు మళ్లీ బిగించాను కూడా.

మా దిక్కు ముస్లింల పెండ్లి కార్డు మీద చాలాసార్లు ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు ఉంటుంది. చుట్టాలకు ఒకటి, ఊరివాళ్లకు ఒకటి. ఖాసిం భాయ్ కంప్యూటర్ కూడా అంతే. విండోస్ తెరమీద, పాతకాలపు డాస్ ప్రోగ్రాములు నడిచే కిటికీలు రెండు తెరిచేవాడు. ఒకదాంట్లో తెలుగు ప్రోగ్రాం, ఇంకోదాంట్లో ఉర్దూ ప్రోగ్రాం. తమాషా ఏమిటంటే, ఏ కిటికీకి ఆ కిటికీ కంప్యూటరంతా తనదే అనుకుంటుంది. దీన్ని వర్చువల్ మెషిన్ అంటారు, అంటే లేని యంత్రాన్ని ఉన్నట్టు నమ్మించడం. కిరాయి గదిలో ఉంటూ ఇల్లంతా తమదే అనుకునేవాళ్లను చూసినవాణ్ని కాబట్టి నాకు తొందరగానే అర్థమైంది.

ఆ గురువారం పొద్దున కబురొస్తే వెళ్లాను. కట్టంగూర్‌లో పంక్చర్ దుకాణం నడిపే జహంగీర్ చాచా కూతురి పెండ్లి కార్డు నమూనా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉర్దూవైపు కలిసి ఉండాల్సిన అక్షరాలు విడిపోయి, పిల్ల పేరు షాహీన్ నడుమకు విరిగింది.

"పెండ్లి గాకముందే నా బిడ్డ పేరు ఇరగ్గొట్టిండ్రు! గిది వియ్యంకుల చేతుల పెడితే అపశకునమంటరు. రేపు జుమ్మా నమాజు కాడ కార్డులు పంచాలె. సాయంత్రం బస్సుకు నేను ఒట్టి చేతులతోటి పోవాల్నా?"

"ఫికర్ చెయ్యకు చాచా. ఉర్దూ ప్రోగ్రాం కంపెనీవాళ్లు తప్పు దిద్దే ప్యాచ్ పంపిండ్రు. నువ్వు ట్యూబుకు వేస్తవు, నేను ప్రోగ్రాముకు వేస్త."

"ముందు రుద్ది, సొల్యూషన్ పెట్టి ఆరనియ్యాలె. అప్పుడే అతుకు పట్టుకుంటది," అన్నాడు చాచా.

నిజంగానే ప్యాచ్ పట్టలేదు. ముందు కొత్త కీబోర్డ్ డ్రైవర్ ఎక్కించమంది. మీట నొక్కితే ఏ అక్షరమో ప్రోగ్రాముకు చెప్పే చిన్న మధ్యవర్తి డ్రైవర్. కంప్యూటర్ లేవగానే చదివే ఫైలులో పాత డ్రైవర్ తీసి కొత్తది పెట్టాను. ప్యాచ్ ఎక్కింది, షాహీన్ అతుక్కుంది. ఖాసిం భాయ్ "మాషా అల్లా" అంటూ తెలుగు కిటికీ తెరిచాడు. అక్కడ అక్షరాల బదులు అన్నీ పిచ్చిగీతలు.

తెలుగు ప్రోగ్రాముకు పాత డ్రైవరే కావాలి. కొత్తదానికి సరిపోయే ప్యాచ్ దానికింకా రాలేదు. పాతది పెడితే తెలుగు నవ్వుతుంది, షాహీన్ విరుగుతుంది. పోనీ, ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ చేద్దామంటే, చాచాకు ఒక్కో చుట్టం గుర్తొచ్చినప్పుడల్లా రెండువైపులా పేరు చేర్చాలి. ప్రతిసారీ కంప్యూటర్ ఆపి లేపాలి. అట్లయితే బస్సే కాదు, పెండ్లి బరాత్ కూడా దాటిపోయేటట్టుంది.

"మా ఖలీల్ మామ పేరు మర్చిపోయిన," అన్నాడు చాచా మళ్లీ.

"చాచా, జర చుట్టాల్ని తక్కువ చేసుకో," అన్నాను.

చాచా మొహం చిన్నబోయింది. మాట మార్చడానికి ఖాసిం భాయ్ వంట సంగతి అడిగాడు.

"రెండు పొయ్యిలు పెట్టిస్తున్న. బిర్యానీ ఒక దిక్కు, కూరగాయలు తినేటోళ్లకు ఇంకో దిక్కు. గరిటెలు సుత వేరే. అటుది ఇటొస్తే ఎవ్వరు ముట్టరు."

"పెండ్లి గడబిడల గరిటెలు కలుస్తయి కదా?" అన్నాడు ఖాసిం భాయ్.

"ఎట్ల కలుస్తయి? వాకిట్ల కుప్పవోస్తే కలుస్తయి. ఎవని గరిటె వాని పొయ్యికాడనే ఉంటది."

నేను కుర్చీలోంచి లేచాను. విండోస్ కంటే ముందు ఎక్కించిన డ్రైవర్ వాకిట్లో పెట్టిన గరిటె. అది ప్రతి కిటికీలోకీ దూరుతుంది. కిటికీ లోపల ఎక్కించింది అక్కడే ఉంటుంది. వాకిట్లోంచి డ్రైవర్ తీసేశాను. ఉర్దూ కిటికీ తెరుచుకోగానే ముందు కొత్త డ్రైవర్, తర్వాత ప్రోగ్రాం వచ్చేట్టు రాశాను. తెలుగు కిటికీకి పాతది రాశాను. రెండూ పక్కపక్కన తెరిచాను. షాహీన్ నిలిచింది. తెలుగూ నిలిచింది. ఖలీల్ మామ రెండు భాషల్లోనూ వచ్చి కూర్చున్నాడు.

అచ్చయి ఆరిన కార్డు మీద చాచా కూతురి పేరును వేలితో తడిమి చూశాడు, ట్యూబు మీద అతుకును చూసినట్టు. "గాలి పోతలేదు," అన్నాడు. కార్డుల కట్ట చంకన పెట్టుకుని బస్సుకు నడుస్తూ వెనక్కి తిరిగాడు.

"పెండ్లికి రా బిడ్డా. ఏ పొయ్యి దిక్కు కూసుంటవు?"

"నేను రెండు కిటికీల పనిచేసెటోన్ని చాచా. రెండు దిక్కుల తింట."

అన్నట్టే తిన్నాను. కానీ అప్పటినుంచి ఏ ప్యాచ్ చేతికొచ్చినా, అది దేన్ని బాగుచేస్తుందో అడిగి ఊరుకోను. ఈ గరిటె ఇంకా ఎవరి పొయ్యి దాకా పోతుందో చూసుకున్నాకే పెడతాను.