పురుగుకు పోసిన నీళ్లు

మొన్న నోటి మూలలు రెండూ పగిలి, సంగటిలోకి నూరిన ఊరుబిండి కారం తగిలితే చాలు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె బి కాంప్లెక్సు మాత్రలు రాసిచ్చింది. ఇంటికొచ్చి ఒకటి విరిచి చూద్దును కదా, లోపల అదే పసుపు రంగు. ఒకప్పుడు గోళ్ల సందుల్లో, చీర కుచ్చెళ్లలో మోసుకు తిరిగిన పసుపును ఇప్పుడు మందుల షాపులో కొనుక్కోవలసి వస్తే ఒళ్లు మండదా, మీరే చెప్పండి.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చిలమత్తూరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. డిగ్రీ అయిన నాకు అందులో ఒకదాంట్లో, పసుపుపచ్చటి బి2 విటమిను తయారుచేసే చోట, ఉద్యోగం దొరికింది. విటమిను చేసేది మేము కాదు, ఒక సూక్ష్మజీవి. పొలం మట్టిలో ఉండేదాన్నే పట్టుకొచ్చి, దాని జన్యువులు మార్చి, తనకు కావలసినదానికంటే ఎన్నో రెట్లు విటమిను చేసి బయటికి వదిలేటట్లు తయారుచేశారు. పెద్ద ఉక్కు ట్యాంకుల్లో దానికి చక్కెర పాకం, వడగట్టిన గాలి, ఎప్పుడూ ఒకేలాంటి వెచ్చదనం; కొత్త అల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు. పైగా మహా సుకుమారం. బయటి దుమ్ములో దాన్ని చంపే వైరస్ ఉంటుందని, రవ్వంత లోపలికి పోయినా ట్యాంకు మొత్తం పారబోయాలని, మేమంతా తలమీదుగా వేడినీళ్ల స్నానం చేసి, వాళ్లిచ్చిన బట్టలు కట్టుకుంటే తప్ప గడప దాటనిచ్చేవారు కాదు. మన జిల్లా దుమ్ము సంగతి మీకు చెప్పాలా!

ఇంటి దగ్గర చూస్తే బోర్లు ఎండిపోయి, ట్యాంకరు వస్తే బిందెల కొట్లాట. ఇంట్లోవాళ్లు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటుంటే నేను రోజూ తడిజడతో దిగేదాన్ని. అమ్మ ఆ జడ వంక చూసే చూపుకు విసుగు పుట్టేది, ఉద్యోగం నియమం అది, నేనేం చేసేది? సరిగ్గా అప్పుడే మా వదిన ప్రసవించింది. తల్లిలేని పిల్ల కాబట్టి పురుడు మా ఇంట్లోనే. బాలింతకు కాగెడు వేడినీళ్లు పోయకపోతే నడుము నిలవదని అమ్మ నమ్మకం, తాగడానికే నీళ్లు చాలని ఇంట్లో కాగెడు ఎక్కడినుంచి తెస్తాం? ఒళ్లంతా జిడ్డుతో, నొప్పులతో వదిన గోడవైపు తిరిగి ఏడుస్తూ పడుకునేది.

ఒకరోజు అమ్మ, వదినను, పసిబిడ్డను ఆటోలో వేసుకుని నేరుగా మా ఫ్యాక్టరీ గేటు ముందు దిగింది. వాచ్‌మన్ అడ్డుకున్నాడు, గొడవకు మా మేనేజరు బయటికి వచ్చాడు, వెనకే వచ్చిన నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఏమప్పా, కంటికి అగుపడని పురుగు కోసరమని ఇంతమందికి నీళ్లు పోసి లోపలికి తోల్తాండారే, పచ్చి బాలింత ఈడ ఉండాది, దీనికి నాలుగు చెంబులు పోస్తే మీ పురుగు చస్తాదా?”

పనివాళ్లకు తప్ప లోపల స్నానం కుదరదని ఆయన మర్యాదగానే చెప్పాడు. “అట్లయితే ఈ పొద్దుకు దీన్ని పనిలో పెట్టుకో” అంది అమ్మ. ఆయన నవ్వు ఆపుకుంటుండగానే, గోడవార కాలువలో పొగలు కక్కుతున్న నీళ్లు ఆమె కంటపడ్డాయి. గొట్టాల్లో ఆవిరి నీరై కారే శుభ్రమైన నీళ్లవి, వాటి పక్క నుంచే మేమంతా రోజూ నడిచేవాళ్లం. “మరి అవి నీళ్లు కాదా?” అని అడిగింది. ఆయన వాచ్‌మన్‌ను పిలిచి బిందెలు తెప్పించాడు. ఆ రోజు నుంచి వదిన లేచి తిరిగేదాకా, గొట్టం దగ్గరే పట్టిన రెండు బిందెల వేడినీళ్లు గేటు దగ్గరికి వచ్చేవి, అక్కడినుంచి ఇంటికి తెచ్చుకునేవాళ్లం.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు ఇంకా పెద్దదయింది, కాలువ మూసేశారు, ప్రతి చుక్కనూ లోపలే తిప్పి వాడుకుంటారట, మంచిదే. మా వీధికి కొళాయి కూడా వచ్చింది, అది ఎప్పుడు పలుకుతుందో దానికే తెలియదు. పోయిన నెల మా వదిన కోడలికి కాన్పయింది. కొళాయిలో నీళ్లు రాలేదు. కిక్కురుమనకుండా క్యాన్లు కొనుక్కొచ్చి, కాచి, కొలిచినట్లు పోశాం. చెంబుతో పోస్తూ పోస్తూ వదిన, “అత్త ఉండింటే ఈ పాటికి ఏదో ఒక గేటు కాడ ఉండేది” అంది.

నాకు దుఃఖం ఆగలేదు. నీళ్లు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అప్పుడు అడగడానికి అమ్మ ఉండేది.