తిరిగివ్వని చేతివైసు

నాలుగు రోజుల కిందట పొద్దున, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, సైన్సు అయ్యవారు ఫోను చేసి, బావ పేరు మీద పెడుతున్న బహుమతికి నియమాలు ఒక్క పేజీలో రాసి పెట్టమని, ఎక్కువ రాయొద్దని, అలాగని ఏదీ వదిలిపెట్టొద్దని చెప్పారు. హైస్కూలులో పాఠాలు చెప్పడం మానేసి ఎన్నో ఏళ్లయినా మనుషులకు ఇంటిపని అప్పజెప్పే అలవాటు ఆయనకు పోలేదు. సరేనని కాగితం ముందు పెట్టుకుని, పోటీకి తెచ్చే పనిముట్టు మొదటినుంచి చివరిదాకా తెచ్చినవారే స్వయంగా చేసినదై ఉండాలి అని గుండ్రంగా ఒక వాక్యం రాసి, రెండుసార్లు చదువుకుని, అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఈ లెక్కన, ఎవరి పేరు మీద బహుమతి ఇస్తున్నామో ఆ మనిషి షెడ్డులో ఉన్న పనిముట్లలో ఒక్కటి కూడా పోటీకి పనికిరాదు. పనికొచ్చేది ఒక్కటే, అది షెడ్డులో లేదు, నా బల్ల మీద, కాగితం పక్కనే ఉంది. అది నా దగ్గర ఎందుకుందో పైకి చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పైనే పట్టింది.

బావ అంటే మా అక్క భర్త. రాప్తాడులో హైవే పక్కన ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రేకుల షెడ్డు ఆయనది. మాది కంబదూరు దగ్గర వానను నమ్ముకున్న సేద్యం. వరసగా శెనక్కాయ ఎండిపోయిన ఏళ్లలో, ఫిట్టరు పని నేర్చుకుని కూడా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను మా నాయన అక్కగారింటికి పంపించాడు. పని చేయడానికే వెళ్లాను గానీ అక్కడా పని లేదు. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బావుల్లో నీళ్లుంటేనే ఇంజన్లు తిరుగుతాయి, తిరిగితేనే చెడిపోతాయి, చెడిపోతేనే మా బోటివాళ్లకు అన్నం. బావులు అడుగంటిపోయి ఇంజన్లన్నీ గోనెపట్టాలు కప్పుకుని కూర్చున్న ఆ రోజుల్లో బావ ఏం చేశాడంటే, అరచేతిలో పట్టే ఇంజను ఒకటి చేశాడు. బొమ్మ కాదు, నిజంగా తిరిగేది, టపటపమంటూ పొగ వదిలేది, ఒక చెంబులోంచి నీళ్లు తోడి ఇంకో చెంబులో పోసేది. ఏమప్పా, దీంతో ఎన్నెకరాలు తడుపుతావు అని నవ్వినవాళ్లకు బావ, "దీనికి చెంబుడు నీళ్లు చాలు, అవైనా ఉండాయి కదా" అని జవాబు చెప్పేవాడు. ఆ మాట నవ్వులాటకు అన్నాడో కడుపుమంటతో అన్నాడో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ చిన్న ఇంజనును చూసినవాళ్లలో ఇద్దరికి పిచ్చి అంటుకుంది. ఒకరు ఈ సైన్సు అయ్యవారు, రెండోవాడు పామిడిలో కుట్టుమిషన్లు బాగుచేసే భాయి. ఇంట్లో ఉన్నాను గనక నాకు అంతకు ముందే అంటుకుంది. ఆదివారం వస్తే నలుగురం షెడ్డులో చేరి, ఎవరికీ అక్కరలేని ఇంజన్లను, పెళ్లిపిల్లకు నగలు చేసినంత శ్రద్ధగా చేసేవాళ్లం. అక్క మధ్యాహ్నానికి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పెట్టి, తిని మళ్లా ఆడుకోండి అనేది. చిక్కేమిటంటే, అంతంత చిన్న ముక్కలను పట్టుకోవడానికి, కొలవడానికి, అరగదీయడానికి కావలసిన పనిముట్లు అనంతపురం బజారంతా తిరిగినా దొరికేవి కావు. ఇంజనుకు ముందు దాన్ని చేసే పనిముట్టును చేసుకోవాలి, ఆ పనిముట్టును చేయడానికి ఇంకొకటి కావాలి. ఇట్లా వెనక్కి పోయి పోయి, మొదలుపెట్టిన ఇంజను సంగతే మరిచిపోయిన ఆదివారాలు ఎన్నో. నన్నడిగితే బావకు ఇంజన్ల కంటే పనిముట్ల మీదే మక్కువ ఎక్కువ.

షెడ్డు గోడకు ఒక పెద్ద పలక ఉండేది, ఇప్పటికీ ఉంది. దాని మీద ప్రతి పనిముట్టుకూ ఒక మేకు, మేకు కింద ఆ పనిముట్టు ఆకారం నీలం రంగుతో గీసి ఉంటుంది. ఎవరికి ఏది కావాలన్నా తీసుకుపోవచ్చు, ఎన్నాళ్లని అడిగేది లేదు. షరతు ఒక్కటే. తిరిగి తెచ్చేటప్పుడు తీసుకుపోయినది తీసుకుపోయినట్టుగా తేకూడదు, దానికి ఏదో ఒక మెరుగు చేసి తేవాలి. భాయి ఒక స్క్రూడ్రైవరు తీసుకుపోయి, చెమటకు జారకుండా పిడికి కుట్టుమిషను తోలుబెల్టు చుట్టి తెచ్చాడు. అయ్యవారు మందం కొలిచే కాలిపరు మీద కొలత గీతలు చెక్కి తెచ్చారు గానీ, అవి వంకరగా పడటంతో దాన్ని బాగుచేయడానికి భాయి మళ్లీ పామిడికి మోసుకుపోవలసి వచ్చింది. ఇట్లా తిరిగి తిరిగి పలక మీది ఏ పనిముట్టూ దాని నీలం గీతలో ఇమడకుండా పోయింది. కొత్త గీతలు గీస్తానంటే బావ ఒప్పుకోలేదు. "గీత గూడా మారిస్తే యాడనించి బయల్దేరిందో తెలీదు కదప్పా" అన్నాడు.

ఇక చేతివైసు సంగతి. ముక్కను కదలకుండా బిగించి పట్టుకునే వైసు, పిడికిట్లో ఇమిడేంత చిన్నది. లారీ కమాను పట్టీ ముక్కతో బావ ఒక వేసవంతా కూర్చుని చేశాడు. రెండు దవడలు, వాటిని బిగించే చిన్న మర, అంతే. దవడలు మూసి వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో వెంట్రుకంత సందు కనిపించదు. చేసి మేకుకు తగిలించిన వారానికే, అందరికంటే ముందు నేను దాన్ని తీసుకుపోయాను. అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు, ధర్మవరంలో ఇనుపముక్కలు తిప్పి చెక్కే ఒక లేతు షాపులో టర్నరుగా కొత్తగా కుదిరాను, బావను మించిన పనివాణ్ననిపించుకోవాలని లోపల ఒక పొగరు. వారంలో మెరుగుచేసి తెస్తానని చెప్పి తీసుకుపోయినవాణ్ని, వారమంతా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడ ఆకురాయి పెట్టబోయినా, అక్కడ చేయి పెట్టడం పాపమనిపించింది. రెండో వారమూ అంతే. నెల దాటాక ఏమీ చేయకుండా తీసుకుపోవడానికి సిగ్గేసింది, ఏడాది దాటాక అసలు తీసుకుపోవడానికే సిగ్గేసింది, ఆ తర్వాత పెట్టెలో బట్టల కింద పెట్టేశాను.

బావ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఒక తిట్టుతో పోయేది. పండగకో పనికో రాప్తాడు వెళ్లినప్పుడల్లా ఆ ఖాళీ మేకు వైపు చూడకుండా ఉండటానికి నేను షెడ్డులో గోడకు వీపు పెట్టి కూర్చునేవాణ్ని. రానురాను మిగతావాళ్లు అది ఎవరి దగ్గరుందో, అసలు అలాంటిది ఒకటి ఉండేదో లేదో కూడా మరిచిపోయారు. ఒకసారి భాయి ఆ మేకుకు తన చొక్కా తగిలించబోతే, "దాని మీద ఏమీ పెట్టొద్దు భాయీ, దానిది వస్తాది" అని బావ అన్నాడట. ఈ మాట భాయే ఏదో ముచ్చటగా నాకు చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియక చెప్పాడు పాపం.

బావ పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు మీద ఏదైనా చేయాలని భాయి పట్టుబట్టాడు, సొంత చేతులతో పనికొచ్చే పనిముట్టు చేసినవాళ్లకు ఏటా ఒక బహుమతి ఇద్దామని అయ్యవారు అన్నారు, నేను తలూపాను. అక్కను అడిగితే ఒక్కటే కోరింది. బావకు ఫోటోలంటే గిట్టదు, ఉన్న ఒకటి రెండింట్లో కూడా మొహం పక్కకు తిప్పుకునే ఉంటాడు. అందుకని బహుమతి మీద ఫోటో వద్దు, ఆయన ఒక్కడే సొంతంగా చేసినది ఒకటి అద్దం బిగించిన పెట్టెలో పెట్టి, అందరికీ కనపడేట్టు ఉంచమంది. అదెంత పని అనుకుని, పోయిన నెల ఒక ఆదివారం పలక మీదివన్నీ దించి దుప్పటి మీద పరిచాము.

అక్క ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, బావను పేరు పెట్టి అనదు గనక, ఇది ఆయప్పదేనా అని అడుగుతుంటే, పిడి నాదక్కా, మొన అయ్యవారిది అని భాయి, గీతలు నావి, మిగిలింది భాయి మళ్లీ పోతపోసినది అని అయ్యవారు నిజాయితీగా చెబుతూ వచ్చారు. దుప్పటి చివరికి వచ్చేసరికి చెప్పడం కూడా మానేశారు. అక్క అన్నిటినీ ఒకసారి చూసి, "అయితే ఆయప్పది యాదప్పా?" అంది. ముగ్గురు ముసలివాళ్లం దుప్పటి మీది పనిముట్లను అటూ ఇటూ సర్దాము. ఆ ముగ్గురిలో జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, నోరు విప్పలేదు. అక్క కళ్లు తుడుచుకోలేదు, కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. అంతటి పిరికితనం నాలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడే పెట్టె తెరిచి, చేతివైసును పాత తువ్వాలులో చుట్టుకుని, మొదటి బస్సెక్కి రాప్తాడు వెళ్లి అక్క ముందు పెట్టాను. ఎప్పుడు తీసుకున్నానో, ఎందుకు తేలేకపోయానో అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంకా నీ దగ్గరే ఉండాదని ఆయప్పకు తెలుసులేరా. నేను అడగమంటే, వానికి ఇంకా దోవ దొరకలేదులే అన్నాడు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇది పూర్తిగా బావదే, ఎవరూ ముట్టుకోలేదు, అద్దంలో పెట్టేద్దాం అన్నాను. దొంగతనం కూడా ఒకందుకు మంచిదే అయిందని లోపల కొంచెం ఊరట పడ్డాను కూడా, ఆ మాట దాచడమెందుకు. అక్క దాన్ని మళ్లీ తువ్వాలులో చుట్టి నా చేతికే ఇచ్చింది. "ఏమీ చేయకుండా తెచ్చినావు కదా. అట్ల తెచ్చేది లేదు ఈడ. తీసకపో" అంది. మరి నువ్వు బావ చేత్తో చేసినది కావాలన్నావు కదా అంటే, "ఆయప్ప చెయ్యీ కావల్ల, ఆయప్ప మాటా కావల్ల. రెండూ ఎట్ల తెస్తావో నువ్వే చూసుకో" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి అది నా బల్ల మీద ఉంది. చేయి పెడితే బావ ఆనవాలు మిగలదు, పెట్టకపోతే బావ మాట నిలవదు. ఏది చేస్తే అక్క సంతోషిస్తుందో, ఏది చేస్తే బావ నవ్వుతాడో తలకిందులుగా ఆలోచించినా తేలలేదు. నియమాల కాగితం మీద రాసిన ఒక్క వాక్యాన్ని కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశాను. చివరికి విసుగొచ్చి, ఎప్పుడో సగంలో వదిలేసిన నా చిన్న ఇంజనుకు ఒక మీట చేద్దామని కూర్చుని, మీటను పట్టుకోవడానికి ఏదీ దగ్గర లేక, ఆ చేతివైసునే తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లలో దాన్ని చూశానే గానీ దానితో ఒక్కరోజు కూడా పని చేయలేదు. గంటసేపు ఆకురాయి పట్టానో లేదో, మర వదులైంది. బిగించబోతే దాని తల మీద నా వేళ్లకు పట్టు దొరకలేదు. శెనగ్గింజంత తల, రెండు మూడుసార్లు జారి గోరు చీరుకుపోయింది. బావ దాన్ని తన పడుచు వేళ్లకు తగ్గట్టు చేసుకున్నాడు, నావేమో ఇప్పుడు ముసలి వేళ్లు. లోపం దానిలో ఉందో నాలో ఉందో నాకు నిజంగా తెలియలేదు. ఏదైతేనేం, దోవ మాత్రం అక్కడ ఉంది.

వరండాలోని చిన్న లేతు మీద ఇత్తడి కడ్డీ బిగించి, అదే మరను వెడల్పాటి తలతో, పట్టు దొరికేలా గాట్లు పెట్టి కొత్తగా చేశాను. కొలత తప్పి ఒకటి పాడైంది, రెండోది కుదిరింది. బావ చేసిన పాత మరను శుభ్రంగా తుడిచి కాగితంలో పొట్లం కట్టాను.

ఈ పొద్దున రాప్తాడు వెళ్లి చేతివైసును దాని మేకుకు తగిలించాను. మర తల నీలం గీత దాటి బయటికి వచ్చింది, మిగతా పనిముట్ల లాగే. పొట్లం అక్క చేతికిచ్చాను. విప్పి, ఆ చిన్న మరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, బిగిస్తున్నట్టుగా కాసేపు తిప్పింది. అద్దం పెట్టె మాట మళ్లీ ఎత్తలేదు. దాన్ని కొంగు చివర ముడి వేసుకుని, "అన్నం తిని పో" అంది, అంతే.

ఇంటికొచ్చి, కొట్టేసిన వాక్యాన్ని కొట్టేసినట్టే వదిలి, నియమాలు పూర్తిచేశాను. గెలిచినవాళ్లు ఆ పలక మీదినుంచి తమకు కావలసిన పనిముట్టు ఒకటి తీసుకుపోవాలి, ఏదో ఒక మెరుగు చేసి తిరిగి తెచ్చి తగిలించాలి, గడువు లేదు. అయ్యవారికి చదివి వినిపిస్తే బాగుందన్నారు గానీ, ఈ కాలంలో ఎవరొస్తారు అని తానే మళ్లీ సందేహపడ్డారు. ఆయన సందేహం తప్పు కాదు. ఇప్పుడు ఏ పనిముట్టు కావాలన్నా ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో ఇంటికే వస్తుంది, బాగోకపోతే వెనక్కిపోతుంది, ఇంకొకరి గడప తొక్కి అడగాల్సిన పని లేదు, తిరిగివ్వలేదని సిగ్గుపడాల్సిన పనీ లేదు. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. ఆ మేకు ఖాళీగా ఉన్నన్నాళ్లూ బావ నా కోసం చూశాడు. ఇప్పుడది నిండింది, దాన్ని ఖాళీ చేయడానికి ఎవరొస్తారా అని నేను చూస్తున్నాను.