పాలపండ్లు రాలేదాకా

నేను రాసేది ఇదే మొదలు. నాలుగో క్లాసుతో బడి మాన్పించినారు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా పాప సంగతి ఒకటి చెప్పల్ల.

మాది నగరి. మా నాయన మగ్గం నేసేవాడు. నన్ను కార్వేటినగరంలో ఇచ్చినారు. కొన్నాళ్ళకు నా మొగుడు ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. నేను చంటిపిల్లనెత్తుకుని మా నాయనింటికి వచ్చేసినాను. అప్పట్లో మా కులంలో విడాకులంటే కోర్టు కాదు, కులపెద్దలు. ఆలుమగల మధ్య పుల్ల ఇరిచేస్తే తెగిపోయినట్టే. పెండ్లికి వాళ్ళిచ్చిన ఓలి దుడ్డు మనం తిరిగియ్యల్ల. దానికోసం మా నాయన రెండో మగ్గం అమ్మేసినాడు.

పుల్ల ఇరిచినాక పిల్ల మాటొచ్చింది. పాప పుట్టిన తేదీ ఎవురూ రాసిపెట్టుకోలే. అందుకని మా కులం పెద్దాయన ఏండ్ల లెక్క చెప్పలే. "పాలపండ్లు రాలేదాకా తల్లి కాడ ఉండనీ. మొదటి పన్ను రాలినాక తండ్రి పిల్ల. అంతదాకా పిల్ల కూటికి తండ్రి ఇచ్చేదేమీ లే," అని తీరుమానం చెప్పినాడు. మా నాయన సరేనన్నాడు. నేనూ తల ఊపినాను. పాప నా ఒళ్ళో బోసినోరు తెరిచి నవ్వతా ఉండాది. ఇంకా మొలవని పన్ను, అది రాలేది ఎప్పుడులే అనుకున్నా.

నేను రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టి దాన్ని సాకినాను. ఒకనాడు పొద్దున సంగటి తింటా, "అమా, ఇది కదలతా ఉండాది" అని కింది పన్ను వేలితో ఆడించి చూపించింది. ఇంకో ఇంట్లో అయితే నవ్వేవాళ్ళు. నా చేతిలో ముద్ద అట్నే నిలిచిపోయింది.

ఆ పొద్దు నుంచి దానికి శెనిక్కాయలు పెట్టలే, చెరుకు ముట్టనీలే. సంగటి పాలల్లో పిసికి మెత్తగా చేసి పెడతా ఉంటిని.

"పన్ను తాకొద్దు పాపా, నొప్పి."

"నొప్పేం లేదు అమా."

"లేకపోయినా తాకొద్దు."

నాయనను అడిగినాను, పిల్లను పంపకపోతే ఏం చేస్తారని. నాయన మగ్గం గుంతలో కాళ్ళాడించేది నిలిపినాడు. "తెల్లోళ్ళ యుద్ధం వచ్చినాక నూలు రేషనయింది గదా. మనకు నూలు పంచేది ఎవురు? ఆ పెద్దాయనే. పదిమందిలో ఒప్పుకున్న మాట తప్పితే మనకు నూలు రాదు. అప్పుడు పిల్లకేం పెడతావు?" అన్నాడు. మళ్ళీ మగ్గం ఆడించుకున్నాడు.

మా అమ్మను తోడు పిలుచుకుని చిత్తూరికి పోయినాను, ఒక వకీలును చూసేదానికి. మంచాయనే. కూర్చోమన్నాడు. అంతా ఇన్నాడు.

"మీ పెద్దల తీరుమానం అట్లుంచు. చట్టంలో కూడా తండ్రే పిల్లకు గార్డియన్ అమ్మా."

"పెంచింది నేనయ్యా."

"జడ్జీ పిల్ల మేలు చూస్తాడు, కాదనను. నీకు భూమేమన్నా ఉండాదా?"

"మగ్గం ఉండాదయ్యా."

"మగ్గం మీ నాయనది గదా."

"పిల్ల తిండికన్నా అతను ఇయ్యల్ల గదయ్యా? అది అడిగితే?"

"అడగొచ్చు. అడిగిన నాడే అతను కోర్టులో నిలబడి, పిల్లను నాకియ్యండి, నేనే పెట్టుకుంటా అంటాడు. అప్పుడేం చేస్తావు?"

మా అమ్మ లేసి దండం పెట్టింది. బయటికొచ్చి బస్సు కోసం ఎండలో నిలబడినాము.

అది జరిగిన కొన్నాళ్ళకే పాప జేజి, అంటే ఒకప్పటి మా అత్త, కార్వేటినగరం నుంచి వచ్చింది. మురుకులు తెచ్చింది. పిల్ల జేజి వస్తే రావద్దని ఎట్ల అంటాను?

"ఏమ్మే, పిల్లకు సంగటి పాలల్లో పిసికి పెడతా ఉండావంట? నాకు నోట్లో మూడు పండ్లు లేవు, నేనే మురుకు నములుతా ఉండా. దీనికేం వచ్చె?" అనింది.

పాప ముందుకు పోయి, "జేజీ, నా పన్ను సూడు, ఎట్ల కదలతా ఉండాదో" అని నోరు తెరిచింది. జేజి చూసింది. చూసి, ఒక మురుకు ఇరిచి దాని చేతికిచ్చింది. నేను వద్దు పాపా అనేలోపల కొరికేసింది.

పన్ను అరిచేతిలో పెట్టుకుని నా దగ్గరికే పరిగెత్తొచ్చింది. "అమా, వచ్చేసింది. నేను ఏడవలే సూడు."

సాయంత్రానికి పెద్దాయన మా తిన్నె మీద కూర్చోనుండాడు. సంతలో దూడను చూసినట్టు పాప గడ్డం పట్టుకుని నోరు తెరిపించినాడు.

"రాలింది," అన్నాడు.

"అది దానంతట రాలలేదయ్యా. మురుకు పెట్టి రాలగొట్టినారు."

"అయితే మురుకు తిననీకుండానే పెంచుతావా పిల్లను?"

అక్కడున్నోళ్ళు నవ్వినారు. మా నాయన తల ఎత్తలే.

మరుసటి రోజు పాపను జేజితో బస్సెక్కించినాము. దానికి బస్సంటే భలే ఇష్టం. కిటికీ పక్కన కూర్చుని, "అమా, నువ్వూ ఎక్కు, చోటుండాది" అనింది. బస్సు కదిలినాక కూడా పక్కనున్న చోటు చేత్తో తట్టి చూపిస్తానే ఉండాది.

పిల్లను తల్లి ఎప్పుడెప్పుడు చూడొచ్చని తీరుమానం నాడు పెద్దలను అడగల్లని మాకు ఎవురికీ తోచలే. నెల తిరక్కముందే నేను కార్వేటినగరం పోయినాను. జేజి నన్ను తిన్నె మీద కూర్చోబెట్టి, "చూసేది తీరుమానంలో లేదు గదమే. మళ్ళీ మళ్ళీ వస్తే పిల్ల ఈడ కుదురుకోదు" అనింది. కోపంగా అనలే. చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. పిల్ల నిద్రపోతా ఉండాదనింది. లోపల అది ఎవురితోనో మాట్లాడేది నాకు బాగా ఇనపడతానే ఉండాది. పిలిస్తే వస్తాదేమో. వస్తే మళ్ళీ దాన్ని ఇడిపించి లోపలికి పంపల్ల. మజ్జిగ తాగి, చెంబు ఆడ పెట్టి, బస్సుకు టైమయిందని లేసినాను.