ప్రింటరుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాడల్లా ఇంజనీరేనని దుబాయ్‌లో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం మీదే నాకు ఉద్యోగం దొరికింది, దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక నేనూ నోరు మూసుకున్నాను. 2004 ప్రాంతం. అక్కడి సత్వా పేటలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. పగలు కార్గో ఆఫీసులో లేబుళ్లు కొట్టడం నా పని. పేరూ, చేరాల్సిన ఊరూ ఉన్న లేబుల్ అంటిస్తేనే పెట్టె విమానం ఎక్కేది. టీవీలు, దుప్పట్లు, పాలపొడి డబ్బాలు (మనవాళ్లు పంపనిదేముంది!), అప్పుడప్పుడూ మనుషులు కూడా ఆ దారినే ఇంటికి వెళ్లేవాళ్లు.

దసరా మర్నాడు మొదటి పెట్టే అలాంటిది వచ్చింది. వెంట కరీంనగర్ వైపు మనిషి ఒకాయన. సైటులో పరంజా మీద నుంచి పడి చనిపోయింది ఆయన తమ్ముడు. సాయంత్రం విమానం తప్పితే మళ్లీ రెండు రోజులకు గానీ లేదు.

"ఇంటికాడ అందరు కూడిండ్రు సార్. రేపు పొద్దుగాల మట్టి చెయ్యాలె," అన్నాడు.

ప్రింట్ మీట నొక్కాను. ఎర్రదీపం వెలిగి, లేబుళ్లు అయిపోయాయని హెచ్చరిక. లోపల చూస్తే చుట్ట నిండుగా ఉంది! చుట్ట తీసి పెట్టి నొక్కాను. ఈసారి మూత తెరిచి ఉందంది. మూత మీద ఒక్కటిచ్చి నొక్కితే, మళ్లీ మొదటి మాటకే వచ్చింది మహాతల్లి. మా మేనేజరు, అదే ముదీర్, తలుపు తోసుకొచ్చి "యల్లా, జల్దీ ఖలాస్ కరో!" అని తొందరపెడుతూ అరిచి పోయాడు. చేతిరాతతో పంపుదామంటే అవతల తీసుకోరు. గుళ్లో గంట కొట్టినట్టు నొక్కుతూనే ఉన్నాను.

ఆయన లేచి వచ్చి ప్రింటరు లోపలికి తొంగిచూశాడు. "గీ ఎర్రదేంది సార్?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ముందురోజు పని ముగిశాక ఆయుధపూజ అని ప్రింటరుకు బొట్టు పెట్టింది నేనే. మూత మీదైతే ముదీర్ కంట పడుతుందని, లోపల కాగితం ఉందో లేదో యంత్రం చూసుకునే చిన్న అద్దం మీద, తడి గంధం రాసి కుంకుమ అద్ది మరీ పెట్టాను. దాన్ని గుడ్డిదాన్ని చేసింది నా భక్తే! సిగ్గుతో చచ్చిపోతూ, "బొట్టు అన్నా, నేనే పెట్టాను," అన్నాను.

"తప్పేమున్నది సార్? పోయినేడు మా సైటుల మిక్సర్‌కు మావోడే పెట్టిండు," అంటూ తువ్వాలు కొసతో తుడిచాడు.

యంత్రం గుర్రుమంది. లేబుల్ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకొకటి, వెనకే మరొకటి. నేను నొక్కిన నొక్కుడంతా కంప్యూటరులో వరస కట్టి కూర్చుందని అప్పటిగ్గానీ తెలియలేదు, ఆపడం ఎలాగో అసలే తెలియదు. పోయినవాడి పేరుతో పదకొండు లేబుళ్లు వచ్చాయి.

ఆయన కోప్పడలేదు. "ఒక్కడే పోయిండు సార్," అన్నాడు.

పెట్టె విమానం అందుకుంది. మిగిలిన పదీ చెత్తబుట్టలో వేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "కచరల ఎయ్యకు సార్, వాని పేరున్నది." జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంజనీరునని మురిసిపోయిన ఆ కుర్రవెధవను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పది లేబుళ్లూ ఆయన ఎక్కడ దాచుకున్నాడో అనిపించగానే మాత్రం, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.