దూరాల పట్టిక వేసినాయన

విమానం పైకి లేచి సర్దుకుందో లేదో, పక్క సీటాయన నా మోచేతిని తట్టాడు. "మూడువేల ఎనిమిది వందల పాతిక కిలోమీటర్లండీ. గంటకి ఎనిమిది వందల యాభై చొప్పున నాలుగున్నర. ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట. ఆరింటికి లేచాం, పదకొండుకి నేల మీదుంటాం."

ఎవరీ మహానుభావుడని ఆరా తీస్తే, డైరీలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. డైరీ చివర ఆసియా నగరాల మధ్య విమానదూరం, ప్రయాణకాలం అని ఓ పట్టిక ఉంటుంది చూశారా? చూసి ఉండరు. నేనూ పెన్ను రాస్తోందో లేదో చూసుకోడానికే ఆ పేజీ వాడాను. ఇరవై ఆరేళ్లుగా గ్లోబు మీద దారం పరిచి, స్కేలుతో కొలిచి ఆ పట్టిక వేసేది ఈయనేనట. విమానం ఎక్కడం మాత్రం ఇదే మొదలు. తిరక్క మగవాడు చెడ్డాడని సామెత. ఈయన కూర్చున్నచోటే భూగోళమంతా తిప్పి మరీ చెడ్డాడు.

"టికెట్టు మీద ఒకటిన్నర అని ఉందే?" అన్నాను.

"ఆలస్యమైతే తిట్లు పడకుండా రెండున్నర గంటలు కలిపేస్తారు. నాకు తెలీదూ?"

"అది కాదు బాబూ, అక్కడి గడియారం మనకంటే ముందు..."

"మీరెన్నిసార్లు ఎక్కారు?"

"లెక్కలేదు."

"అదీ సంగతి! ఎక్కారు గానీ లెక్కెయ్యలేదు."

నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగాను. అప్పుడు చెప్పాడు అసలు విషయం. అక్కడ వాళ్లక్కకి పన్నెండింటికి గుండె ఆపరేషను. తమ్ముడొచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ లోపలికి వెళ్లనని భీష్మించుకుందట. "పదకొండుకి దిగి, అరగంటలో నీ మంచం దగ్గరుంటానక్కా అన్నాను. నిన్నటి విమానానికే రమ్మంది మేనకోడలు. లెక్క పక్కాగా ఉండగా ఒకరోజు ముందెందుకని నేనే వద్దన్నా."

గబుక్కున ఇటు తిరిగాను. మళ్లీ చెప్పబోయాను. డైరీ తీసి పట్టిక చూపించాడు. అచ్చులో ఉన్నదానికి ఎదురుచెప్పడానికి నేనెవర్ని?

చక్రాలు నేలను తాకగానే చేతివాచీ నా ముఖానికి అడ్డం పెట్టాడు. పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. "ఎలా ఉందండీ?"

ఆ మురిపెం హాల్లోకి వచ్చేదాకా నిలిచింది. అక్కడ గోడగడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. పాడైపోయిందన్నాడు. ఎదురుగోడ మీదిదీ అదే పాట పాడింది. ఇంతలో ఫోను. పెద్దగొంతు పిల్ల, నాకూ వినిపించింది.

"ఎక్కడున్నావు మావయ్యా? పన్నెండుంపావు దాకా డాక్టర్లని ఆపింది అమ్మ. 'మావాడి లెక్క తప్పదు, వచ్చేస్తాడు' అంటూనే ఉంది. ఇక కుదరదని తీసుకెళ్లిపోయారు."

"భయపడిందా?"

"తలుపు వేసేదాకా వెనక్కి చూస్తూనే ఉంది."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. టాక్సీ ఎటు దొరుకుతుందో చూపిస్తాను, పదండి అన్నాను. వినిపించుకోలేదు. భుజాన సంచీ జారిపోతున్నా సర్దుకోకుండా నాలుగడుగులు తప్పుదారిలో వేసి, వెనక్కి తిరిగి, నా పక్కనుంచే జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు. వస్తానని కూడా అనలేదు.