కుందుర్పి రొప్పంలో ఆక్సిటోసిన్ పాఠం

ఈ ప్రయాణానికి కారణం ఒక జవాబు పత్రం. నేను అనంతపురంలో ఒక ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెబుతాను. పోయిన నెల చిన్న పరీక్ష పెట్టి, "మెదడులో ఆక్సిటోసిన్ విడుదలకు దారితీసే ప్రేరణలు రాయండి" అని అడిగాను. బిడ్డ చనుబాలు తాగడం, కాన్పులో గర్భాశయ ముఖం సాగడం అని అందరూ పుస్తకంలో ఉన్నది దించేశారు. రాధిక అనే అమ్మాయి మాత్రం ఆ రెండూ రాసి, కింద మూడోది చేర్చింది: "మా అవ్వ చేయి." నాకు ఒళ్లు మండింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "పరీక్షలో కథలు వద్దు" అని కూడా రాశాను. పత్రాలు ఇచ్చిన రోజు సాయంత్రం రాధిక నా గదికి వచ్చి, ఏడుపూ కోపమూ లేకుండా, "మేడం, మా గొర్రెలు ఈనే కాలం వచ్చింది. ఒకసారి వచ్చి చూడండి, ఆమీద కొట్టేయండి" అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఉతకలేదు. సరే, వస్తానన్నాను.

రాప్తాడు దగ్గరున్న మా ఇంటి నుంచి డిసెంబరు ఆదివారం ఒకటి చూసుకొని అయిదున్నరకే బయలుదేరాను. అనంతపురం బస్టాండులో ఆరుంబావుకు కళ్యాణదుర్గం బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. దాదాపు గంటన్నర దారి. ఊరు దాటితే రెండు పక్కలా పీకేసిన బుడ్డల చేలు, అంటే వేరుశనగ చేలు, ఎర్రమట్టి, గుండ్లు, గుట్టల మీద తీరిగ్గా తిరిగే గాలిమరలు. ఈ ఏడు వానలు మొహం చాటేయడంతో చాలా చేలల్లో పీకడానికి కూడా ఏమీ లేనట్టుంది. కళ్యాణదుర్గంలో దిగి నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అక్కడి నుంచి కుందుర్పికి ఇంకో గంట. తొమ్మిదిన్నరకు స్టాపులో రాధిక ఎదురొచ్చింది. వాళ్ల ఊరికి షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు.

"యాడికి మేడం?" అని ఆటో అతను అద్దంలోంచి అడిగాడు.

"గొర్రెలు చూడ్డానికి."

"కొనేకా?"

"కాదు, ఊరికే చూసేందుకే."

"చూసేకే అనంతపురం నుంచి వచ్చినారా! ఏమమ్మా, ఆదివారం పూట మీకు ఇంట్లో పనేం ఉండదా?" అన్నాడు. రాధిక మొహం అటు తిప్పుకొని నవ్వింది.

రొప్పం అంటే గొర్రెల్ని నిలిపే దడి. కోత అయిన చేనులో ముళ్లకంపతో గుండ్రంగా కట్టారు. రాత్రిళ్లు మంద అక్కడే పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి కొంత ధాన్యం. లోపల రాధిక అవ్వ మారెక్క ఒక గొర్రెకు ఎదురుకాన్పు చేస్తోంది. బక్కమనిషి, మెడలో నల్లపూసలు, మోచేతి దాకా తడి. నన్ను చూసి తలాడించి, "పాపా, ఈడ పట్టుకో" అని మనవరాలిని పిలిచింది. నేను ఒంటరిగా దడి వాకిలి దగ్గర మిగిలిపోయాను.

అప్పుడే నాకు నాలుగడుగుల దూరంలో ఇంకో గొర్రె ఈనింది. పిల్ల ఇసుకలో పడి, పసుపుపచ్చ జిగురుతో, వణుకుతూ పడుంది. తల్లి లేచి అటూ ఇటూ తిరుగుతోంది. పాపం అనిపించింది. చేతిసంచిలోంచి తడి టిష్యూలు తీశాను. నిమ్మ వాసనవి. పిల్ల మొహం, ఒళ్లు, కాళ్లు శుభ్రంగా తుడిచి, నా చున్నీతో ఆరబెట్టి, ఎండిన వేరుశనగ తీగల మెత్తటి కట్టె మీద పడుకోబెట్టాను. మంచి పని చేశానని గర్వం కూడా కలిగింది. తల్లి వచ్చి వాసన చూసింది. వెనక్కి తగ్గింది. ఇంకోసారి చూసి, తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల రెండు పల్టీలు కొట్టింది.

అక్కడి పిల్లను బయటికి తీసి రాధికకు అప్పగించి, మారెక్క పరుగున వచ్చింది. పిల్లను ముక్కు దగ్గర పెట్టుకొని, నా వైపు చూసింది.

"ఏమ్మా, ఉమ్మనీరు తుడిసేస్తివా?"

తల్లి గొర్రె బిడ్డను ఉమ్మనీటి వాసనతోనే గుర్తుపడుతుందని ఏటా పాఠం చెప్పేది నేనే.

"రెండో ఈత గొర్రె. ఇది మొండిది" అంది మారెక్క. "ముర్రుపాలు పడకుంటే పొద్దుగూకే లోపల పిల్ల సచ్చిపోతాది. ఈ యేడు మేత లేదు, ఇంగో గొర్రె కాడ పాలు మిగిలి ఉండవు. దీని తల్లే దీనికి ఇయ్యాల."

మొదట తల్లిని మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకొని పిల్ల నోరు పొదుగుకు పెట్టారు. అది తన్నింది. పాలు దిగలేదు. తర్వాత మారెక్క పిల్ల పడినచోట తడిసిన ఇసుకను గోకి తెచ్చి, దాన్ని పిల్ల ఒంటికి ఓపిగ్గా రాసింది. గొర్రె చాలాసేపు వాసన చూసింది. అది మొహం తిప్పుకుంది. పదకొండు దాటింది. పిల్ల అరవడం మానేసింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఇంగ నా చెయ్యే దిక్కు" అంది మారెక్క. చేతి కడియం తీసి రాధికకు ఇచ్చింది. సబ్బుతో మోచేతి దాకా కడుక్కొని, వేళ్లకు ఆముదం పట్టించింది. పిల్ల ముక్కును తల్లి ముక్కుకు ఆనించి పట్టుకోమని నాకు చెప్పింది. మెల్లిగా వేళ్లు ఈనిన దారిలోకి పోనిచ్చి, నిదానంగా సాగదీస్తూ, వదులుతూ, మళ్లీ సాగదీస్తూ కూర్చుంది. "ఇంగోసారి ఈనినట్ల అనుకోవాల అది" అంది, నా కోసం కాదు, గొర్రె కోసం చెప్పినట్టుగా.

చేతుల్లో పిల్ల చల్లబడుతుంటే నా బుర్రలో పాఠం తిరుగుతోంది. గొర్రె మెదడు అడుగున, హైపోథాలమస్‌లో, కొన్ని నాడీకణాలు ముందుగా ఒక పొడవాటి ప్రొటీన్ గొలుసును అల్లుతాయి. అందులో ఆక్సిటోసిన్, అంటే తల్లిలో పాలనూ మమకారాన్నీ కదిలించే హార్మోను, తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న ముక్క మాత్రమే. ఆ గొలుసు చిన్న సంచుల్లోకి ఎక్కి నాడీతంతువు వెంట ప్రయాణం చేస్తుంది. దారిలో, సంచి లోపలే, ఎంజైములు దాన్ని కావలసినచోట తెగ్గొడతాయి. తంతువు చివరకు చేరేసరికి సరుకు సిద్ధం. చిన్నాచితకా సంకేతాలకు ఆ సంచులు తెరుచుకోవు. కణం ఆగకుండా వరసగా సంకేతాలు పంపితేనే తెరుచుకుంటాయి; మారెక్క వేళ్లు ఆపకుండా సాగదీస్తున్నది అందుకే. మామూలు నాడీ రసాయనాలను చాలావరకు కణాలు వెనక్కి తీసుకొని మళ్లీ వాడుకుంటాయి. ఆక్సిటోసిన్ లాంటి చిన్న ప్రొటీన్ ముక్కలకు, అంటే పెప్టైడ్లకు, ఆ వెసులుబాటు లేదు. బయటకు వచ్చిందంటే వచ్చిందే, మళ్లీ కావాలంటే మొదటి నుంచి కొత్తగా తయారు చేసుకోవాలి. రక్తంలోకి చేరినదాన్నయితే ఎంజైములు కొద్ది నిమిషాల్లోనే కోసి పారేస్తాయి. ఈ గొర్రె తన కాన్పులో వదిలింది ఈపాటికి చాలావరకు పోయి ఉంటుంది. సంచుల్లో ఇంకా మిగిలి ఉందా? ఇరవై సార్లు బోర్డు మీద గీసిన బొమ్మ కోసం ఆ రోజు మొదటిసారి దేవుణ్ణి వేడుకున్నాను.

అయిదారు నిమిషాలు గడిచాయేమో. గొర్రె గొంతులో ఒక శబ్దం మొదలైంది. అరుపు కాదు, నోరు తెరవకుండా లోపల్లోపల గుర్రుమన్నట్టు. రాధిక నా చెయ్యి పట్టుకొని నొక్కింది. గొర్రె మెడ చాచి పిల్ల చెవి నాకింది. తర్వాత మొహం. తర్వాత నేను నిమ్మ వాసనతో పాడుచేసిన ఒళ్లంతా. మారెక్క చేయి తీసి పొదుగు పట్టి చూస్తే పాలు చిమ్మాయి. పిల్ల లేచింది, పడింది, లేచింది. చన్ను దొరకగానే తోక గిలగిలా ఆడించింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమ్మా, నువ్వు ఏడుస్తాండావే, పిల్ల బతికినాది గదా" అంది మారెక్క.

మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి తింటూ ఆమెకు లోపల జరిగింది నాకు చేతనైనంత చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అది ఈడనా ఉండేది?" అని తన తల తాకి అడిగింది. అవునన్నాను. "ఎంతసేపు ఉంటాది?" అంది.

"ఎక్కువసేపు ఉండదు అవ్వా. దాన్ని విరిచేసేవి పక్కనే కాచుకొని ఉంటాయి."

ఆమె చేతిలో ముద్ద ఆపి, "ఇప్పుడు పోయినట్లేనా?" అంది.

"చాలావరకు పోయినట్లే."

మేమిద్దరం రొప్పం వైపు చూశాం. తల్లి ఇంకా నాకుతూనే ఉంది.

నాలుగు గంటల బస్సు కోసం కుందుర్పి స్టాపులో నిలబడ్డప్పుడు రాధిక సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆ జవాబు పత్రమే. "ఇప్పుడు కొట్టేయండి మేడం" అంది. నా చేతులు ఇంకా గొర్రె వాసన వేస్తున్నాయి. మూడో జవాబుకు మార్కు వేసి, "కథలు వద్దు" అని రాసిన నా మాటల్ని అడ్డంగా కొట్టేశాను. ఇన్నేళ్లూ ఆ పెప్టైడ్ పుట్టుకా చావూ పిల్లలతో బట్టీ పట్టించాను. నిమిషాల్లో తెగిపోయే తొమ్మిది పూసల ముక్క ఒక ప్రాణాన్ని ఇంకో ప్రాణానికి అప్పగించి పోతుందని, దాన్ని వేళ్లతో పిలవగల మనిషి మా కళాశాలకు మూడు గంటల దూరంలో ఉందని నాకు తెలియలేదు. తెలియకపోవడం తప్పు కాదు. చెప్పినా కొట్టేయడం తప్పు.

ఈనే కాలంలో మందలు చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. సెంటు పూసుకోకండి, వాసన టిష్యూలు ఇంట్లోనే వదిలేయండి. అప్పుడే పుట్టిన పిల్ల ఎంత మురికిగా, ఎంత చలికి వణుకుతూ కనిపించినా చేతులు కట్టుకొని నిలబడండి. దాన్ని ముందుగా తుడవాల్సింది తల్లి నాలుక.